బండెక్కే ధర

కొత్తమిట్ట ఓబులేసు గొర్రెలమ్మి మోటారు సైకిలు కొన్నాడు. ఎవరికోసం కొన్నాడో ఆ మనిషి దాని మీద ఎక్కనంటోంది. అదీ అతనికి వచ్చిపడిన చిక్కు.

ఆ మనిషి అతని భార్య నాగరత్న. నర్సు చదువు పూర్తి చేసింది. గువ్వల కనుమకు అవతల, పట్నం ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున ఎనిమిదికల్లా వచ్చి చేరాలన్నారు, రాకపోతే తర్వాతి పేరును పిలుచుకుంటామన్నారు. కనుమ మీదుగా పోయే పొద్దుటి బస్సును జనం ఎక్కడం లేదని తీసేసి చాలా కాలమైంది. చుట్టూ తిరిగి పోయే బస్సు పట్నం చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. పట్నంలోనే కాపురం పెడదామంటే అంత జీతం కాదు. కాబట్టి బండి కావాల్సి వచ్చింది. బండి రావాలంటే గొర్రెలు పోవాల్సి వచ్చింది. మందనంతా కనుమ అవతలి కాపరికి తోలేసి, ఆ డబ్బు పంచెలో మూటగట్టుకుని షోరూముకు పోయాడు ఓబులేసు.

అక్కడ తెలిసింది, గోడ మీద రాసిన ధర ఒకటీ, బండి రోడ్డెక్కేసరికి అయ్యే ధర ఇంకొకటీ అని. రిజిస్ట్రేషన్ అన్నారు, ఇన్సూరెన్స్ అన్నారు, అదన్నారు, ఇదన్నారు. అన్న ప్రతిసారీ అతని కళ్ళ ముందు ఒక గొర్రె మెదిలి మాయమయ్యేది. ఆఖరుకు చేతిలో కొంచెమే మిగిలింది. అప్పుడు అమ్మేవాడు ముందు చక్రం దగ్గర రెండు వైపులా బిగించే ఇనపకమ్మీ చూపించాడు. ఇది ఉంటే బండి పడినా ట్యాంకుకు దెబ్బ తగలదన్నాడు. వేయమన్నాడు ఓబులేసు. వెనక చక్రంలో చీర కొంగు పడకుండా బిగించే జాలీ, వెనక కూర్చునే మనిషికి రెండో హెల్మెట్ కూడా చూపించాడు. అవి తర్వాత చూద్దాంలే అన్నాడు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడటం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు.

బండితో పాటు వచ్చిన ఒక్క హెల్మెట్‌నూ కొత్తది కదా, గీతలు పడతాయని సంచిలోంచి తీయకుండానే ఇంట్లో మేకుకు తగిలించాడు. సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయలేదు. ట్యాంకు మీదిదీ తీయలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తెల్లారకముందే లేచి బండి తుడిచేవాడు. మళ్ళీ మధ్యాహ్నం తుడిచేవాడు. నాగరత్న వాకిట్లో నిలబడి చూసేది.

"నేను నర్సును బావా," అంది ఒకరోజు. "బండి మీంచి పడినోళ్ళను ఎట్లా మోసుకొస్తారో చూసినా. నువ్వు మీ మామ స్కూటర్ మీద ఎనిమిది అంకె వేసి లైసెన్సు తెచ్చుకున్నావు. అది మైదానం. ఇది కనుమ. పీరాసామి దగ్గరికి పోయి నేర్చుకో. నీ వెనక ఎక్కమని ఆయన చెప్తే ఎక్కుతా."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఉద్యోగం పోతాది. పోనీలే. ప్రాణాలతో నేనుంటా కదా."

ఆ మాట ఓబులేసుకు గుచ్చుకుంది. ఉద్యోగం పోతే గొర్రెలూ ఊరికే పోయినట్టే, ఇంక బండి ఉండి మాత్రం ఏం చేస్తాడు? ఆ సాయంత్రమే బండి తోసుకుంటూ పీరాసామి దగ్గరికి బయల్దేరాడు. ఎక్కి పోవడానికి ధైర్యం చాలలేదు.

పీరాసామి అసలు పేరు హుస్సేన్ పీరా. వయసులో ఉండగా తిరునాళ్ళలో చెక్కలతో కట్టిన బావి గోడల మీద మోటారు సైకిలు గిరగిరా తిప్పినవాడు. పైన నిలబడి చూసేవాళ్ళు చాచిన నోట్లను చేతులు వదిలేసి అందుకునేవాడని చెబుతారు. ఏమైందో ఏమో, ఒక తిరునాళ్ళ అయ్యాక ఊరికి పోకుండా గువ్వల కనుమ మొదట్లోని ఫకీరు దగ్గర శిష్యుడిగా ఉండిపోయాడు. ఆ ఫకీరు పోయాక ఆయన సమాధినే దర్గాగా చూసుకుంటూ అక్కడే ముసలివాడయ్యాడు. దేవుడి సంగతి చెప్పమని వచ్చేవాళ్ళనూ, బండి నేర్పమని వచ్చేవాళ్ళనూ ఒకేచోట కూర్చోబెట్టేవాడు. ఎవరొచ్చినా ముందు చీపురు ఇచ్చేవాడు.

ఓబులేసుకూ చీపురే ఇచ్చాడు. ఓబులేసు దర్గా ముందు నేలంతా ఊడ్చి వచ్చి నిలబడ్డాడు.

"సామీ, సోమవారానికి నాకు బండి తోలేది రావాల. కనుమ దాటాల, వెనక మనిషితో. బండికి అంతా కట్టేసినా. పైసా బాకీ లేదు."

పీరాసామి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. సీటు మీది ప్లాస్టిక్‌ను గోటితో మీటాడు. అది టప్పుమంది.

"బండి ధర కట్టినావు," అన్నాడు. "బండెక్కే ధర ఇంకా కట్టలే."

ఓబులేసు షోరూములో ఇంకా ఏం మిగిలిందా అని లోలోపలే వెదుక్కున్నాడు.

"అది ఎంతవుతాది సామీ?"

"కట్టేటప్పుడు తెలుస్తాదిలే."

"మరి మీ దక్షిణ?"

"అదీ అందులోనే."

ఇంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పే మనిషి అయితే ఓబులేసు ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

మరుసటి రోజు నుంచి చదువు మొదలైంది. ఇంజను ఆపి బండిని తోయమన్నాడు పీరాసామి. ఎండలో తోశాడు. స్టార్టు చేసి, ఎక్కకుండా, పక్కనే నడుస్తూ క్లచ్చి మీద నడిపించమన్నాడు. నడిపించాడు. ఎక్కి, ఆగకుండా, నేలకు కాలు ఆనించకుండా దర్గా చుట్టూ మనిషి నడిచినంత నిదానంగా తిరగమన్నాడు. అది అన్నిటికంటే కష్టమైంది. జోరుగా పోయే బండి తనంతట తాను నిలబడుతుంది, నిదానంగా పోయేదాన్ని మనమే నిలబెట్టాలి. మొదట్లో కాలు ఊరికే నేలకు ఆనేది. ఆనిన ప్రతిసారీ పీరాసామి ఏమీ అనేవాడు కాదు, చీపురు చూపించేవాడు. నాలుగు రోజులు గడిచేసరికి దర్గా చుట్టుపక్కల నేల పెళ్ళివాకిలి మాదిరి తయారైంది, ఓబులేసుకు బండి కూడా కొంచెం పట్టుబడింది.

శనివారం పీరాసామి కొత్త పని చెప్పాడు. బండి ఆపి, దిగి, హ్యాండిలు పట్టుకుని ఒక పక్కకు మెల్లగా వంచమన్నాడు.

"ఎందుకు సామీ?"

"ఒక వాలు దాకా బండి నీ మాట వింటాది. అది దాటితే వినదు. ఆ చోటు యాడుందో నీ తొడకు తెలియాల. దాటిందంటే పట్టుకోగాకు. వదిలెయ్. పడేదాన్ని పట్టుకోబోయి కాలు విరగ్గొట్టుకున్నోళ్ళను నేను శానామందిని చూసినా."

ఓబులేసు వంచాడు. కొంచెం వంచి, మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ వంచాడు. మళ్ళీ నిలబెట్టాడు. ఆ వాలు దగ్గరికి రాకముందే చేతులు వాటంతటవే బండిని వెనక్కి లాగేవి.

"వదలు," అన్నాడు పీరాసామి.

"పడిపోతాది సామీ."

"పడేదానికే వదలమంటాండా."

ఓబులేసు బండిని స్టాండు వేసి, ఒక్క నిమిషం సామీ అని ఊళ్ళోకి పరిగెత్తాడు. ఆయాసపడుతూ తిరిగొచ్చినప్పుడు చంకలో ఇంట్లో పరుచుకునే బొంత ఉంది. దాన్ని నేల మీద పరిచి, నాలుగు మడతలు వేసి, ముడతలు సర్ది, దాని పక్కన బండిని నిలబెట్టి అప్పుడు వదిలాడు. బండి పసిబిడ్డ మాదిరి బొంత మీద మెత్తగా పడుకుంది.

దర్గాకు వచ్చిన ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. పీరాసామి నవ్వలేదు. బొంత వంక చాలాసేపు చూశాడు.

"రేపు నేను నీ వెనక ఎక్కి కనుమ దాటుతా," అన్నాడు. "మీ ఆడమనిషి ఎట్లా కూర్చుంటాదో అట్లాగే కూర్చుంటా. బాగా తీసుకుపోతే ఎల్లుండి ఎక్కమని ఆ బిడ్డకు నేనే చెప్తా."

ఆదివారం పొద్దున పీరాసామి అన్నంత పనీ చేశాడు. పచ్చ శాలువాను నాగరత్న కొంగు కప్పుకున్నట్టు భుజం చుట్టూ కప్పుకుని, ఒళ్ళో అన్నం క్యారియరు పెట్టుకుని, రెండు కాళ్ళూ ఎడమ పక్కకే వేసి సీటు మీద కూర్చున్నాడు. కూర్చోగానే కొంచెం జారాడు. ప్లాస్టిక్ కిర్రుమంది. సర్దుకుని కూర్చున్నాడు.

"పో నాయనా."

ఓబులేసు పోయాడు. బండి బుద్ధిగానే పోతోంది. దర్గా దాటింది, చదును దాటింది, ఎత్తు మొదలైంది. గేరు తగ్గించాడు, ఇంజను అడిగినంత ఇచ్చాడు. మొదటి మలుపు బాగా తిరిగాడు. రెండోది ఇంకా బాగా తిరిగాడు. కుడి పక్క కొండ, ఎడమ పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. కింద ఎక్కడో ఒక లారీ మూలుగుతూ ఎక్కుతున్న చప్పుడు వినబడుతోంది. ఓబులేసు మొదటిసారి ఊపిరి పూర్తిగా తీసుకున్నాడు. రేపు ఇదే దారిలో నాగరత్న వెనక కూర్చుని ఉంటుంది, ఆసుపత్రి ముందు దింపితే అందరూ చూస్తారు అనుకున్నాడు.

అనుకుంటూ ఉండగానే పిట్టగోడ మీంచి ఒక కోతి రోడ్డు మీదికి దూకింది.

ఓబులేసు చేయీ కాలూ ఒక్కసారే బ్రేకు నొక్కేశాయి. బండి ఎగిరి ఆగింది. వెనక ప్లాస్టిక్ జర్రుమన్న చప్పుడు, క్యారియరు రోడ్డు మీద దొర్లిన చప్పుడు వినిపించాయి. బండి ఎడమ పక్కకు ఒరిగింది. ఓబులేసు ప్రాణాలన్నీ కాలిలోకి తెచ్చుకుని నేలకు తన్ని పట్టాడు. బండి బరువంతా తొడ మీద పడింది. పళ్ళు కొరుకుతూ, నరాలు తెగేలా లాగి దాన్ని నిలబెట్టాడు. కింద లారీ మలుపు తిరుగుతోంది, హారను మోగింది. ఓబులేసు బండిని గబగబా తోసుకుపోయి పిట్టగోడ పక్కన స్టాండు వేశాడు. వంగి కమ్మీ చూశాడు, ట్యాంకు చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి దుమ్ము తుడిచాడు.

అప్పుడు వెనక్కి తిరిగాడు.

లారీ రోడ్డు మధ్యలో ఆగి ఉంది. దాని ముందు చక్రాలకు బారెడు దూరంలో పీరాసామి పడి ఉన్నాడు. డ్రైవరు దూకి వచ్చి ఆయన చంకల కింద చేతులు పెట్టి లేపుతున్నాడు. మోచేయి చెక్కుకుపోయి రక్తం శాలువాకు అంటింది. పీరాసామి కళ్ళు మాత్రం ఓబులేసు మీదే ఉన్నాయి. అవి ఎంతసేపటి నుంచి అట్లా చూస్తున్నాయో ఓబులేసుకు తెలీదు.

"ఓబులేసూ, బండికేమన్నా తగిలిందా?" అని అడిగాడు పీరాసామి.

"ఏం తగల్లే సామీ," అన్నాడు ఓబులేసు. "గీత కూడా పడలే."

మాట నోట్లోంచి బయటికి వచ్చాక అది అతనికే వినబడింది. డ్రైవరు అతన్ని కిందినుంచి పైదాకా ఒక చూపు చూశాడు, పోయి లారీ ఎక్కాడు. లారీ వాళ్ళను దాటుకుని మూలుగుతూ పైకి పోయింది.

ఆ ముసలాయన జారాడో, కావాలనే జారనిచ్చాడో ఓబులేసుకు ఈనాటికీ తెలీదు. చెక్కబావి గోడ మీద చేతులు వదిలిన మనిషి సీటు మీంచి జారతాడా అని ఒకసారి అనిపిస్తుంది. అంత వయసులో, అంత కనుమలో, లారీ వస్తూ ఉంటే కావాలని ఎవరు పడతారని మరోసారి అనిపిస్తుంది.

"కూర్చో సామీ, నిదానంగా దిగుదాం," అన్నాడు ఓబులేసు.

పీరాసామి తల అడ్డంగా ఊపాడు. శాలువా చెంగు మోచేతికి చుట్టుకుని, కుంటుకుంటూ నడక మొదలుపెట్టాడు. ఓబులేసు చొట్టపడిన క్యారియరును హ్యాండిలుకు తగిలించి, ఇంజను ఆపిన బండిని పట్టుకుని వెనకే నడిచాడు. పల్లంలో బండి బరువు ముందుకు లాగుతోంది, దాన్ని ఆపుకుంటూ, ముసలాయన కుంటిన ప్రతి అడుగునూ చూసుకుంటూ నడిచాడు. ఆయన ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండునని వేయిసార్లు అనుకున్నాడు. దర్గా చేరాక పీరాసామి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఎక్కమనీ చెప్పలేదు, ఎక్కొద్దనీ చెప్పలేదు.

ఇంటి ముందు నాగరత్న నిలబడి ఉంది. కొత్త తెల్ల చీర ఇస్త్రీ చేసి దండెం మీద వేసి పెట్టుకుంది.

"సామి ఏమన్నాడు బావా?"

ఓబులేసు అరుగు మీద కూలబడ్డాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. సామి సరేనన్నాడని ఒక్క మాట అంటే రేపు ఆమె ఎక్కుతుంది, ఉద్యోగం నిలబడుతుంది, గొర్రెలు పోయినందుకు ఒక అర్థం ఉంటుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"ఏమీ అనలే," అన్నాడు. "సామి రోడ్డు మీద పడినాడు. వెనక లారీ వస్తాంది. నేను... నేను ముందు బండిని పక్కకు తీసినా, నాగరత్నా. దాన్ని తుడిచినా. ఆ తర్వాత సామిని చూసినా."

నాగరత్న ముఖం పాలిపోయింది. బండి మీంచి పడినోళ్ళను ఆసుపత్రికి మోసుకొచ్చిన రోజు గుర్తొచ్చిందో, రేపటి తెల్ల చీర గుర్తొచ్చిందో. ఓబులేసు తలెత్తలేదు. తెచ్చిపెట్టుకున్న ధైర్యమంతా జావగారిపోయి, చిన్నపిల్లాడిలా ఏడుపు వచ్చింది.

కొంతసేపటికి లేచాడు. ఇంట్లోకి పోయి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. సీటు మీది ప్లాస్టిక్‌ను ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా కోసి లాగేశాడు. ట్యాంకు మీదిది కూడా పీకేశాడు. పానా తీసుకుని ఇనపకమ్మీ బోల్టులు విప్పాడు. దాన్ని భుజాన వేసుకుని, ఊరి చివర మెకానిక్కు ఇంటికి పోయాడు. ఆదివారం అయినా బతిమాలి తలుపు తెరిపించాడు. పోయినప్పుడు భుజాన కమ్మీ, తిరిగొచ్చినప్పుడు దానికి బదులుగా ఒక చేతిలో చీర జాలీ, ఇంకో చేతిలో వాడిన హెల్మెట్ ఒకటి. జాలీ బిగించేసరికి పొద్దు గూకింది.

నాగరత్న మేకుకు వేలాడుతున్న కొత్త హెల్మెట్‌ను దించి, సంచి చించి తీసింది. అద్దం ముందు నిలబడి తలకు పెట్టుకుని చూసుకుంది. బెల్టు బిగించుకుంది.

"ఇది నాకు," అంది. "ఆ పాతది నువ్వు పెట్టుకో. పొద్దున్నే పోదాం."

"సామి చెప్పలేదు కదా?"

"నువ్వు చెప్పినావు కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పినావు. అది చాలు నాకు."

సోమవారం తెల్లవారుతూనే బయల్దేరారు. దర్గా ముందు రాతి మీద పీరాసామి కూర్చుని ఉన్నాడు, మోచేతికి గుడ్డ కట్టుకుని. ఓబులేసు బండి నిదానం చేశాడు. పీరాసామి తల ఎత్తలేదు. పక్కన నేల మీద చీపురు ఉంది. ఓబులేసు ముందుకు పోయాడు.

నాగరత్న చేయి అతని భుజం మీద ఉంది. ఆ చేయి బిగుసుకుని ఉందని చొక్కాలోంచి తెలుస్తోంది. మొదటి మలుపు, రెండో మలుపు. నిన్న ముసలాయన పడిన చోటు వచ్చింది. దాన్ని దాటి, కనుమ నెత్తికెక్కి, అవతలి పల్లంలోకి దిగడం మొదలుపెట్టారు. ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెలు.

ఓబులేసు ముందుగానే చూశాడు. మెల్లగా బ్రేకు వేశాడు, ఎగరకుండా, కుదపకుండా ఆపాడు. కాలు నేలకు ఆనించాడు. గొర్రెలు రెండుగా చీలి బండికి అటూ ఇటూ పోతున్నాయి. వాటి వీపుల మీద ఎర్రమట్టి గుర్తులు చూడగానే అతనికి ఒళ్ళు ఝల్లుమంది. అవి తనవే. నిన్నమొన్నటిదాకా తనవి. మందలోంచి ముసలి తల్లిగొర్రె ఒకటి విడివడి వచ్చి, వాసన పట్టి, ఎప్పటిలాగే అతని మోకాలికి తలతో ఒక్క పోటు పొడిచింది.

నేల మీది కాలు మట్టిలో సర్రున జారింది.

బండి ఎడమ పక్కకు, నాగరత్న వైపుకు ఒరిగింది. ఒరుగుతూ ఒరుగుతూ ఆ వాలు దగ్గరికి వచ్చింది, దాన్ని దాటింది. దాటిందని ఓబులేసు తొడకు తెలిసింది. చేతులు హ్యాండిలును వదిలేశాయి. రెండు చేతులతో నాగరత్నను నడుము దగ్గర పట్టి, ఒక్క ఊపున బండి మీంచి లాగి, ఆమెతో పాటు తానూ పక్కకు తూలి నిలదొక్కుకున్నాడు. వాళ్ళ వెనక బండి రాళ్ళ మీద ఫెళ్ళున పడింది. అద్దం పగిలింది. గొర్రెలు చెదిరి పరిగెత్తాయి. పడిన బండి చక్రం ఇంకా తిరుగుతోంది.

"బావా, బండి..." అంది నాగరత్న.

"నీకేమన్నా తగిలిందా?"

"బండి చూడు బావా..."

"నీకు తగిలిందా అంటాండా." ఆమె చేతులు తిప్పి చూశాడు, మోచేతులు చూశాడు, పాదాలు చూశాడు. చెప్పు తెగలేదు, చీరకు మట్టి కూడా అంటలేదు. నాగరత్న అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. హెల్మెట్ లోపల ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

కాపరి వచ్చి ఒక చేయి వేశాడు. ముగ్గురూ కలిసి బండిని లేపారు. కాసేపు మొరాయించి అదీ స్టార్టయింది. ఎనిమిది కాకముందే ఓబులేసు ఆమెను ఆసుపత్రి మెట్ల దగ్గర దింపాడు. నలుగురూ చూశారు. పగిలిన అద్దాన్నీ, చొట్టపడిన ట్యాంకునూ, మట్టికొట్టుకున్న మొగుణ్ణీ చూశారు. ఓబులేసుకు సిగ్గనిపించలేదు.

సాయంత్రం ఇద్దరూ తిరిగి వస్తూ దర్గా ముందు ఆగారు. పీరాసామి పొద్దున కూర్చున్న చోటే ఉన్నాడు. ఓబులేసు బండి స్టాండు వేసి దూరంగా నిలబడ్డాడు. పీరాసామి అతని వంక చూడలేదు, బండి వంకా చూడలేదు. వెనక సీటు దిగిన నాగరత్న వంక చూశాడు.

"ఏమ్మా, రేపు ఈ అబ్బోడి వెనక ఎక్కుతావా?"

"ఎక్కుతా సామీ," అంది నాగరత్న.

పీరాసామి లేచి బండి దగ్గరికి వచ్చాడు. ట్యాంకు మీద జానెడు గీత పడి, లోపలి ఇనుము మెరుస్తోంది. ఆయన గుడ్డ కట్టిన చేతిని చాపి, బొటనవేలితో ఆ గీతను ఈ చివర నుంచి ఆ చివరి దాకా నిమిరాడు.

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "సామీ, మీ దక్షిణ..."

"ముట్టింది," అని పీరాసామి లోపలికి పోయాడు.